ఎడమకాలి పాఠం

(దోహా మహాసభల యువజన, క్రీడా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీది పెద్దలకు, దేశదేశాల నుంచి దోహాకు విచ్చేసిన తెలుగు బంధువులకు, గుత్తివంకాయ కూరతో భోజనం చేసి కూడా నిద్రకు లొంగకుండా ఈ హాల్లోకి వచ్చి కూర్చున్న మహానుభావులకు ప్రత్యేక వందనాలు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం "మంచి ఫుట్‌బాల్ ఆటగాడు కావడం ఎలా?" ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. మీరు చివరిదాకా కూర్చుంటే ఈ ఇరవై అన్న అంకెకే మళ్ళీ వస్తాను.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. నేను పేరున్న ఆటగాణ్ణి కాను. తెనాలిలో పుట్టి, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా పెరిగినవాణ్ణి. ఆదివారం నుంచి గురువారం దాకా ఇంజనీరు ఉద్యోగం. శుక్ర, శనివారాల్లో మన పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. ఈ ఆటను నేను మైదానంలో నేర్చుకోలేదు. మా అబ్బాయి వెనక తిరుగుతూ, తప్పుల మీద తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. ఆ తప్పులు మీరు మళ్ళీ చెయ్యనక్కర్లేకుండా చెప్పగలిగితే ఈ ప్రసంగం సార్థకమైనట్టే.

తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏ అకాడమీ మంచిదండీ?" నేనూ ఒకప్పుడు అందరినీ ఇదే అడిగాను. 2016లో మా వాడికి పదకొండేళ్ళు. వారానికి రెండు రోజులు, రోజుకు గంట చొప్పున కోచింగ్‌లో చేర్చాను. ఖరీదైన బూట్లు, పేరు అచ్చువేసిన జెర్సీ, మోకాలి దాకా మేజోళ్ళు అన్నీ కొన్నాను. ఆరు నెలలు గడిచినా వాడి ఆట ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. తప్పు కోచ్‌ది అనుకున్నాను. ఒకరోజు గట్టు మీద కూర్చుని, చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని లెక్క కట్టాను. పదహారు మంది పిల్లలు, ఒక కోచ్. వరసలో నిలబడడం, మంచినీళ్ళు, చెప్పేది వినడం, మళ్ళీ వరసలో నిలబడడం. అవన్నీ తీసేస్తే ఆ గంటలో మా వాడి కాలి దగ్గర బంతి ఉన్న సమయం మొత్తం కలిపి నాలుగు నిమిషాలు దాటలేదు.

అందులో కోచ్ తప్పేమీ లేదు. సంగీతం మాస్టారు వారానికి రెండుసార్లు వచ్చి పాఠం చెబుతారు. మిగతా ఐదు రోజులూ పిల్ల సాధన చెయ్యకపోతే ఆ వర్ణం ఎన్నటికి వస్తుంది? ఈ సంగతి మనకు సంగీతం విషయంలో తెలుసు, కూచిపూడి విషయంలో తెలుసు. ఆట దగ్గరకు వచ్చేసరికి ఫీజు కట్టామంటే సాధన కూడా అందులోనే కలిసి ఉంటుందనుకుంటాం. కోచింగ్ అంటే ఎలా చెయ్యాలో తెలుసుకోవడం. సాధన అంటే తెలుసుకున్నదాన్ని ఒంటికి పట్టించుకోవడం. మొదటిది డబ్బు పెట్టి కొనవచ్చు. రెండోది దొరికే దుకాణం ఈ సూక్ వాకిఫ్‌లో కూడా లేదు.

నా రెండో తప్పు ఇంతకంటే పెద్దది. మ్యాచ్ ఆడుతున్నంతసేపూ గీత పక్కన నిలబడి అరిచేవాణ్ణి. "షూట్ చెయ్!" "వెనక్కి రా!" "అటు కాదురా!" వాడు బంతి వంక చూడాలా, నా వంక చూడాలా? వాడికి కుడికాలే ఆడేది. ఎడమకాలు ఒంటిని నిలబెట్టడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. బంతి ఎడమవైపు వస్తే వాడు చుట్టూ తిరిగి కుడికాలికి తెచ్చుకునేవాడు. ఈలోగా ఎదుటివాడు బంతి తన్నుకుపోయేవాడు. ఈ రహస్యం అన్ని జట్ల పిల్లలకీ తెలిసిపోయింది. వాడు బెంచీ మీద కూర్చోవడం మొదలైంది. ఒకనాడు కారులో ఇంటికి వెడుతూ, అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "నాన్నా, నువ్వు రాకపోతే నేను బాగా ఆడతానేమో." తరవాత ఇంకో మాట కూడా అన్నాడు: "అసలు మానేస్తే?"

ఆ వారమే మేము కొందరం ఉగాది పచ్చడి, పులిహోర పట్టుకుని ఇండస్ట్రియల్ ఏరియాలో మన కార్మిక సోదరుల క్యాంపుకు వెళ్ళాం. ఇక్కడివాళ్ళు దాన్ని సనాయ అంటారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు అక్కడ ఎంతోమంది ఉంటారు. క్యాంపు వెనక గులకరాళ్ళ నేల మీద నాలుగు ఇటుకలు గోల్ స్తంభాలుగా పెట్టుకుని ఆడుతున్నారు. నేపాలీలు, కేరళవాళ్ళు, ఘనా దేశస్థులు, వాళ్ళ మధ్యలో జగిత్యాల దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన ఒక యువకుడు. కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లు. బంతి ఏ వైపు వచ్చినా ఆ వైపు కాలితోనే అందుకుంటున్నాడు, ఆ కాలితోనే పంపేస్తున్నాడు. ఎదుటివాళ్ళకు అతను ఎటు వెళతాడో అంతు చిక్కడం లేదు.

ఆట అయ్యాక మా వాడు దగ్గరికి వెళ్ళి అడిగాడు: "అన్నా, నీది ఏ కాలు?"

అతను నవ్వాడు. "రెండూ నాయే గదా తమ్మీ!"

ఊళ్ళో ఉండగా ఒకసారి కుడి చీలమండ బెణికిందట. మూడు నెలలు ఆ కాలితో బంతి ముట్టకూడదన్నారట. ఆట మానలేక ఎడమకాలితో బడి గోడకు కొడుతూ కూర్చున్నాడు. కుడికాలు బాగయ్యేసరికి కాళ్ళు రెండయ్యాయి. ఇక్కడికి వచ్చాక కూడా డ్యూటీ దిగి, స్నానం చేసి, వంటకు తన వంతు వచ్చేలోపు క్యాంపు ప్రహరీగోడకు ఇరవై నిమిషాలు కొట్టుకునేవాడు. చప్పుడుకు పక్క గదిలో రాత్రి డ్యూటీవాళ్ళు నిద్ర చెడుతోందంటే పాత టెన్నిస్ బంతి సంపాదించాడు. చిన్న బంతితో సాధన చేస్తే పెద్ద బంతి ఇంకా సులువుగా కనిపిస్తుందని అతనే కనిపెట్టాడు. మా వాడి ఆట కాసేపు చూసి ఒక మాట అన్నాడు. "నువ్వు కుడికాలికి అల్లుని లెక్క మర్యాద చేస్తున్నవ్ తమ్మీ. ఎడమకాలిని ఇంట్లకే రానిస్తలేవ్."

ఆరు నెలల కోచింగ్ ఫీజు, నా అరుపులూ చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. మర్నాటి నుంచి మా బిల్డింగ్ కింద పార్కింగులో గోడ దగ్గర మా వాడు మొదలుపెట్టాడు. మొదటి రోజు ఎడమకాలితో యాభైసార్లు కొడితే, తిరిగొచ్చిన బంతి వాడి అదుపులోకి వచ్చింది పదకొండుసార్లు. నాలుగు నెలల తరవాత ఆ సంఖ్య నలభై ఒకటి. రోజూ నోటుపుస్తకంలో రాసుకున్నాడు కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. నా ఉద్యోగం నోరు మూసుకుని లెక్కపెట్టడం.

తరవాత చాలా రోజులకు నాకు తెలిసిన విషయం ఒకటి మీతో పంచుకోవాలి. ఆ జగిత్యాల కుర్రవాడు తనంతట తాను కనిపెట్టిన విద్యను, మన హైదరాబాద్‌లో ఒక బడి పంతులు ఎన్నో దశాబ్దాల కిందటే పద్ధతిగా నేర్పించారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు ఆయన చేతిలో ఉండగానే 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు వచ్చాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంతకంటే పైకి ఎన్నడూ వెళ్ళలేదు. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా ఆయన కథే.

రహీం సాబ్ పిల్లలకు పెట్టిన పోటీలు చూడండి. ఒక పోటీలో బలం తక్కువ ఉన్న కాలితోనే ఆడాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. మరో పోటీ ఒక ఎత్తుకు మించని పిల్లలకు మాత్రమే. పొడుగూ బలమూ ఉన్నవాడు తోసేసి గెలవకుండా, పొట్టివాడికి నైపుణ్యం చూపించే అవకాశం దొరుకుతుంది. ఆలోచిస్తే ఇవన్నీ ఒకే సూత్రం. పిల్లవాడికి ఇప్పటికే వచ్చిన పనిని కాసేపు తాళం వేసి పెట్టడం. అప్పుడు రాని పని తప్పనిసరిగా బయటికి వస్తుంది.

ఆయన కాలంలో ఆడినవాళ్ళెవరికీ సదుపాయాలు లేవు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదకుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆడారు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. 2023లో కన్నుమూశారు. ఓటమి కూడా ఆ రోజుల్లో ఒక పాఠమే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడింది. మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ తరవాతే బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే దేశం మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఓడినచోట ఏం రాలేదో చూసి, అది నేర్చుకునేదాకా వదలకపోవడం, రహీం సాబ్ కాలం మనకు ఇచ్చిన ఆస్తి ఇదే. 1962 సెప్టెంబరు 4న జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచే నాటికి ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు. మర్నాటి ఏడాది జూన్‌లో పోయారు.

మరి మనమున్న ఈ దేశం సంగతి? ఖతార్‌కు డబ్బుకు కొదవ లేదు కాబట్టి కప్పులు గెలిచిందని చాలామంది అంటారు. నేను ఈ ఊళ్ళో ఉండి చూసింది వేరు. ఆస్పైర్ అకాడమీ 2004లో పెట్టారు. చిన్న పిల్లల్ని వెతికి పట్టుకుని, చదువూ ఆటా ఒకేచోట చెప్పించారు. పదేళ్ళకు, 2014లో, ఖతార్ కుర్రాళ్ళు మయన్మార్‌లో ఆసియా అండర్-19 కప్పు గెలిచారు. ఫైనల్లో ఉత్తర కొరియా మీద ఏకైక గోల్ చేసింది అక్రమ్ అఫీఫ్. ఆ జట్టుకు కోచ్ ఫెలిక్స్ సాంచెజ్. మరో ఐదేళ్ళకు, 2019 ఫిబ్రవరి 1న, అదే కోచ్, ఆ బ్యాచ్ కుర్రాళ్ళతో జపాన్‌ను 3-1తో ఓడించి ఆసియా కప్పు తెచ్చారు. లెక్క చూడండి, పదిహేనేళ్ళు. డబ్బు గోడ కట్టగలదు, గోడకు బంతి కొట్టవలసిన రోజుల్ని తగ్గించలేదు. అంత చేసినా 2022లో సొంత గడ్డ మీద ప్రపంచకప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడారు. ఊరంతా చిన్నబోయింది. కానీ మానలేదు. 2024 ఫిబ్రవరిలో లుసైల్‌లో జోర్డాన్ మీద 3-1తో మళ్ళీ ఆసియా కప్పు గెలిచారు. అఫీఫ్ మూడు పెనాల్టీలూ గోల్ చేశాడు. 2025 అక్టోబరులో యు.ఏ.ఇ.ని 2-1తో ఓడించి, ఆతిథ్య దేశం హోదాతో కాకుండా అర్హత పోటీల ద్వారా మొదటిసారి ప్రపంచకప్‌కు చేరారు.

ఇక అసలు పనిలోకి వద్దాం. ఇంటి దగ్గర ఏం చెయ్యాలి? అన్ని వయసుల వాళ్ళకీ పనికొచ్చే ఐదు సంగతులు చెబుతాను.

మొదటిది గోడ. గోడకు రెండు మీటర్ల దూరంలో నిలబడాలి. నిలబడే కాలు బంతి పక్కన ఉండాలి, మోకాలు కొంచెం వంచాలి. కొట్టే కాలి చీలమండ బిగించి, పాదం లోపలి అంచుతో తట్టాలి. పాదం బంతి వెళ్ళిన దిక్కుకే సాగాలి. తిరిగొచ్చిన బంతిని కాలికింద తొక్కి ఆపెయ్యకూడదు. ఒక అడుగు పక్కకు, తరవాతి దెబ్బకు వీలయ్యే చోటికి తీసుకోవాలి. దీన్నే ఫస్ట్ టచ్ అంటారు. ఫుట్‌బాల్‌లో సగం ఆట ఇదే. కుడితో యాభై, ఎడమతో వంద. ఎడమచేతి వాటం పిల్లలు దీన్ని తిరగెయ్యండి. బాగా వచ్చాక ఐదు మీటర్లకు జరగండి.

రెండోది చూపు. బంతి కాలికి అందిన తరవాత తల ఎత్తి చూసేవాడు అప్పటికే ఆలస్యమైనట్టు. బంతి వస్తుండగానే భుజం మీదుగా వెనక్కి చూడాలి. అమ్మో, నాన్నో, చెల్లో వెనక నిలబడి వేళ్ళు చూపించాలి. బంతి అందేలోపు పిల్లవాడు ఆ అంకె చెప్పాలి. ఆట తెలియని అమ్మమ్మ కూడా ఈ కోచింగ్ ఇవ్వవచ్చు.

మూడోది సీసాలు. ఖాళీ నీళ్ళ సీసాలు ఆరు, అడుగు దూరంలో వరసగా పెట్టండి. వాటి మధ్యగా బంతిని నడిపించాలి. ముందు నెమ్మదిగా, పాదం లోపలి అంచుతో, బయటి అంచుతో, రెండు కాళ్ళతోనూ. వేగం దానంతట అదే వస్తుంది. తొందరపడి వేగంగా చేసిన తప్పు, తప్పుగానే గట్టిపడిపోతుంది.

నాలుగోది చిన్న ఆట. నలుగురు చుట్టూ నిలబడి బంతి అందించుకోవడం, మధ్యలో ఒకడు దొంగ. దీన్నే స్పెయిన్ వాళ్ళు రోండో అంటారు. ఇక్కడి అల్ సద్ క్లబ్బుకు 2015 నుంచి 2019 దాకా ఆడిన జావి ఈ ఆట మీద పెరిగినవాడే. పదకొండు మంది పెద్ద మ్యాచ్‌లో మీ పిల్లవాడికి బంతి దొరికే కంటే ఇందులో ఎన్నో రెట్లు ఎక్కువసార్లు దొరుకుతుంది.

ఐదోది ఒళ్ళు. ఆట ముందు ఊరికే రెండు చుట్లు పరుగెత్తడం చాలదు. ఫిఫా వైద్యవిభాగం తయారు చేసిన 'ఫిఫా 11 ప్లస్' అనే వార్మప్ ఉంది. పదిహేను వ్యాయామాలు, దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. ఒంటికాలి మీద నిలబడడం, దూకి మోకాళ్ళు వంచి దిగడం, నడుము కండరాలు గట్టిపరచడం, ఇలాంటివి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల క్లబ్బుల్లో పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఈ వార్మప్ చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. ముఖ్యంగా ఆడపిల్లల తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఈ ఎడారిలో ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2021 నుంచి ఖతార్‌లో జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో ఆరుబయట పని చేయించడం చట్టరీత్యా నిషేధం. పెద్దవాళ్ళ పనికి పనికిరాని ఎండ పిల్లల ఆటకు పనికొస్తుందా? మగ్రిబ్ తరవాతే బయటికి పంపండి. ఆగస్టులో గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రాత్రుల్లో అదీ వద్దు, లోపలే టెన్నిస్ బంతితో చాలు. తల తిరుగుతోందన్నా, వాంతి వస్తోందన్నా, మాట తడబడినా "ఇంకో ఐదు నిమిషాలు" అనకండి. నీడకు తీసుకెళ్ళి, ఒళ్ళు తడిపి చల్లబరచండి, వెంటనే వైద్యసహాయం పిలవండి.

ఈ ఐదూ ఒకే రోజు చెయ్యమనడం లేదు. రోజుకు ఇరవై నిమిషాలు. అంతే. కానీ రోజూ.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్న నాకు వినిపిస్తూనే ఉంది. "ఇదంతా ఎందుకండీ? మన పిల్లలు ఖతార్‌కు ఆడతారా, ఇండియాకు ఆడతారా? పదో తరగతి వస్తే ఎలాగూ మానిపించాలి కదా?" అవకాశాలు అసలు లేవనలేం. కన్నూరు నుంచి వచ్చిన మలయాళీ కుటుంబంలో పుట్టి ఇక్కడే పెరిగిన తహసిన్ మహమ్మద్ జంషీద్ 2024 జూన్‌లో ప్రపంచకప్ అర్హత పోటీల ఖతార్ జట్టుకు ఎంపికయ్యాడు. మన నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతూ, 2022లో క్రొయేషియాలో దినామో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్ళింది. అయినా నిజాయితీగా చెప్పాలంటే, మన పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మంది ఏ దేశానికీ ఆడరు. మా వాడూ ఆడలేదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2020 మార్చి 17న కరోనా కారణంగా ఇండస్ట్రియల్ ఏరియాలో కొంత భాగం మూసివేశారు. మా జగిత్యాల మిత్రుడు అందులో ఉండిపోయాడు. ఇటు పార్కులూ మైదానాలూ మూతపడ్డాయి. మా వాడు పార్కింగులో, అతను క్యాంపులో, ఇద్దరూ ఫోన్ స్పీకరు పెట్టుకుని ఒకేసారి గోడకు కొట్టుకునేవారు. "ముప్పై రెండు." "నావి ముప్పై ఐదన్నా." ఆ రోజుల్లో క్యాంపులో ఎవరికి జ్వరం వచ్చినా ఎనిమిది మంది ఉండే గదంతా వణికేది. ఊళ్ళో అతని తల్లి ఒంటరి. ఆ ఇరవై నిమిషాలే తనకు నిద్ర పట్టించేవని అతను తరవాత చెప్పాడు. ఆ వేసవిలో పని లేక ఊరికి వెళ్ళిపోయాడు. విమానాశ్రయానికి వెళ్ళి వీడ్కోలు చెప్పే వీలు కూడా మాకు లేకపోయింది.

ఇంత చూసి కూడా నేను మళ్ళీ తప్పు చేశాను. ఆ శీతాకాలంలో మా వాడు పదో తరగతి. బంతి తీసి బీరువా మీద పెట్టాను. "పరీక్షలయ్యాక చూద్దాం" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. పుస్తకం ముందు గంటలు గంటలు కూర్చునేవాడు, పేజీ మాత్రం తిరిగేది కాదు. చివరికి 2021 ఏప్రిల్‌లో సి.బి.ఎస్.ఇ. వాళ్ళు పదో తరగతి పరీక్షలే రద్దు చేశారు! మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా స్టూలు తెచ్చి బీరువా ముందు వేసింది. నేనే ఎక్కి బంతి దించాను. ఆ మరుసటి రెండేళ్ళూ, పన్నెండో తరగతితో సహా, ఒక్కరోజు కూడా ఇరవై నిమిషాలు ఆపలేదు. మార్కులకేం లోటు రాలేదు.

ఇప్పుడు వాడు యూనివర్సిటీలో రెండో జట్టుకు ఆడుతున్నాడు. అదీ ఎక్కడ? లెఫ్ట్ బ్యాక్! ఎడమకాలు ఇంట్లోకి రానివ్వని పిల్లవాడు ఎడమవైపు కాపలా కాస్తున్నాడు. స్టార్ కాలేదు. కానీ ఒక విషయం గమనించాను. తనకు రాని సబ్జెక్టు గురించి, చేతకాని పని గురించి ఇప్పుడు వాడు సిగ్గుపడడు, దాచుకోడు. "నాన్నా, ఇది నా ఎడమకాలు. టైం పడుతుంది" అంటాడు. నేను నలభై ఏళ్ళు వచ్చినా నేర్చుకోలేకపోయిన సంగతి అది. మనం పరాయి దేశాల్లో బతుకుతున్నవాళ్ళం. మన పిల్లలకు అన్నీ కుడికాలితో ఆడే అవకాశం ఎప్పుడూ దొరకదు. రెండో కాలిని సిద్ధం చేసి పెట్టడం కంటే మనం వాళ్ళకిచ్చే ఆస్తి ఏముంటుంది?

2022 డిసెంబరు 18న ఇదే ఊళ్ళో లుసైల్ స్టేడియంలో ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. అర్జెంటీనా, ఫ్రాన్స్. ప్రపంచమంతా మెస్సీ ఎడమకాలి కోసం చూస్తోంది. అదనపు సమయంలో, 108వ నిమిషంలో, గోల్‌కీపర్‌ను తాకి వచ్చిన బంతిని మెస్సీ కుడికాలితో లోపలికి నెట్టాడు. ఆట ముగిశాక జగిత్యాల నుంచి ఫోన్. "చూసినవా తమ్మీ! మెస్సీ సుత రెండోకాలు పెంచుకున్నడు!" ఊళ్ళో ఇప్పుడు అతను ఆటో నడుపుతున్నాడు. సాయంత్రం పూట తను చిన్నప్పుడు కొట్టిన ఆ బడిగోడ దగ్గరే పదిమంది పిల్లలకు నేర్పుతున్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా మార్కులు అడగడు, ఉద్యోగం అడగడు. ఒకటే అడుగుతాడు: "ఎడమకాలు ఎట్లుంది?"

చివరగా ఒక ఆహ్వానం. రేపు ఉదయం ఆరున్నరకు ఈ హాలు వెనక పచ్చికలో పిల్లలకు పోటీ పెట్టాం. రహీం సాబ్ పద్ధతే. బలమైన కాలితో చేసిన గోల్ చెల్లదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపే. తల్లిదండ్రులకు రెండే దారులు. గీత బయట నిలబడితే నోరు మెదపకూడదు. నోరు ఊరుకోకపోతే బూట్లు వేసుకుని లోపలికి రావాలి. నేను లోపలే ఉంటాను. నా ఎడమకాలు చూసి నవ్వుకోవడానికైనా తప్పక రండి.